నా పేరు లేని మీటరు

గల్ఫ్‌లో నేనుండే బర్కాలో ఇల్లు మారినప్పుడు ప్రీపెయిడ్ కరెంటు మీటరు పాత అద్దెదారు పేరు మీదే ఉండిపోయింది. బ్యాలెన్స్ తగ్గితే మెసేజ్ ఆయన ఫోనుకే వెళ్లేది. నెలనెలా బిల్లు వచ్చే మీటరుకు మార్చాలంటే ఇంటి యజమాని ఉత్తరం కావాలన్నారు కరెంటు ఆఫీసువాళ్లు. ఆయన ఉండేది అల్ సువైక్‌లో. ఆస్పత్రి డ్యూటీలు సాకుగా పెట్టుకుని వెళ్లడం వాయిదా వేస్తూ వచ్చాను.

పక్క ఖర్జూర తోటలో పనిచేసే కడప చాచా రూమ్‌లో ఫ్రిజ్ లేదు. నర్సునని నమ్మి తన ఇన్సులిన్ సీసాలు మా ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడు.

వేసవిలో రెండు రోజులు ఇబ్రిలో అక్క దగ్గర ఉండి వచ్చేసరికి బ్యాలెన్స్ అయిపోయి ఇల్లంతా ఉడికిపోతోంది. సీసాలు చేతికి వెచ్చగా తగిలాయి. వాటిని పారేసి, మీటరు రీఛార్జ్ చేసి, కొత్తవి కొని తోటకు తీసుకెళ్లాను.

"మీటరు ఆగి కరెంటు పోయింది చాచా, పాతవి పాడైపోయాయి."

"మీటరు చెడిపోతే నువ్వేం చేస్తావు మా? ఎండలో పడొచ్చినావు, నీళ్లు తాగు" అని గ్లాసు అందించాడు.

మీటరు చెడిపోలేదని చెప్పాలనుకున్నాను. గ్లాసు అందుకుని నీళ్లు తాగేశాను.

మర్నాడే సెలవు పెట్టి అల్ సువైక్ వెళ్లి ఉత్తరం తెచ్చాను. వారంలో మీటరు మారింది. చాచా తర్వాత కూడా మందు మా ఇంట్లోనే పెట్టుకున్నాడు. తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా నేను వంటింట్లో ఏదో పనున్నట్టు తిరిగేదాన్ని.