నేను ఎంచిన బంపర్

సారపాకలో కాగితం మిల్లు గేటుకి కాస్త ఇవతల, రోడ్డు పక్కన ఉన్న రేకుల షెడ్డు నాది. వెల్డింగ్ పని. వెదురు లారీల పక్క రాడ్లు, జామాయిల్ కర్ర తోలే ట్రాక్టర్ల డబ్బాలు, ఇళ్ల గేట్లు, ఏది విరిగినా నా దగ్గరికే వస్తుంది. ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటాయి. ఇనుము విషయంలో ఈ చుట్టుపక్కల నా మాటే చివరి మాట అని నేను అనుకునేవాణ్ని. మా బావ కూడా అలాగే అనేవాడు.

బావ అంటే చుట్టరికం కాదు. ఒకే చర్చిలో, ఒకే బెంచీ మీద ఏళ్ల తరబడి కూర్చుని, ఒకరినొకరం బావా అని పిలుచుకోవడం అలవాటైంది. ఆయనది పికప్ బండి. చర్ల అవతల వారం వారం జరిగే సంతలకి ఉప్పు, పప్పు, సబ్బులు, నూనె డబ్బాలు వేసుకుపోతాడు. వచ్చేటప్పుడు చింతపండు, ఇప్పపువ్వు, ఎండుమిర్చి తెస్తాడు. పాత బండికి ముందు ఇనుప గార్డు నేనే చేసి పెట్టాను. అడవి రోడ్డు మీద ఎన్ని కొమ్మలు కొట్టుకున్నా, ఎన్ని పశువులు అడ్డం పడినా దానికి ఏమీ కాలేదు. ఆ బండి మా షెడ్డు ముందు నుంచి పోతుంటే నేను బావని చూసేవాణ్ని కాదు, నా గార్డుని చూసుకునేవాణ్ని.

నిరుడు బావ పాతది అమ్మేసి కొత్త పికప్ తీసుకున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు చర్చి ఆవరణలో బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. నేను మాత్రం కళ్లు తెరిచి, బండి ముందు భాగం ఎన్ని జానలు ఉందో కొలుచుకుంటున్నాను. కంపెనీ నుంచి వచ్చిన బంపర్ ప్లాస్టిక్‌ది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. దీనితో చర్ల రోడ్డు మీద ఎన్నాళ్లు తిరుగుతాడు, రేపో ఎల్లుండో నా దగ్గరికే వస్తాడు అనుకున్నాను. ఆ వారమే లావు పైపు తెచ్చి వంచడం మొదలుపెట్టాను.

"ఎవరిదది?" అని అడిగింది మా ఆవిడ.

"బావది."

"చెయ్యమని చెప్పిండా?"

"చెప్తడు."

నెల తిరగకుండానే దుమ్ముగూడెం దాటాక అడవిపంది అడ్డం వచ్చి ఆ ప్లాస్టిక్ బంపర్ రెండు ముక్కలైంది. మర్నాడు పొద్దున్నే బావ షెడ్డు ముందు బండి ఆపాడు. బంపర్ ముక్కలు తీగతో కట్టి ఉన్నాయి. నేను జేబులో కొలిచే టేపు పెట్టుకుని బయటికి వచ్చాను.

"బావా, ఇయ్యాల పనేమన్న ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నా ఆపుకుంట. చెప్పు."

"ఖమ్మం పోదాం పా. ఆడ వైరా రోడ్డు మీద ఒక షాపున్నది. రెడీమేడ్ స్టీల్ బంపర్లు అమ్ముతరు, ఆళ్లే బిగిస్తరు. నాకు ఇనుము సంగతేం తెల్వదు. నువ్వొచ్చి మంచిది చూసి చెప్పాలె."

నా చెయ్యి జేబులో టేపు మీదే ఉండిపోయింది. వంచిన పైపు షెడ్డులో గోడకి ఆనించి ఉంది. ఆయన దాన్ని చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చొక్కా మార్చుకుని వచ్చి బండి ఎక్కాను.

పాల్వంచ దాటేలోపు ఆయన ఫోను రెండుసార్లు మోగింది. "అవ్ తమ్మీ, బయల్దేరినం. అవ్, మావోడు గూడ వస్తుండు," అని నవ్వుతూ మాట్లాడాడు. ఎవరని అడిగితే, షాపులో బంపర్లు చేసే మనిషట. పంది అడ్డం రాకముందు నుంచే, వారం రోజులుగా మాట్లాడుకుంటున్నారట. ఆయన వీడియోలో ఒక్కొక్క బంపర్ చూపించాడట. ఆ వారం రోజులూ బావ నా షెడ్డు ముందు నుంచే వెళ్లాడు, హారన్ కొట్టి చెయ్యి ఊపాడు కూడా. కొత్తగూడెంలో టిఫిన్‌కి ఆపితే ఇడ్లీ సగంలోనే వదిలేశాను.

షాపు పెద్దదే. గోడ నిండా నల్లటి బంపర్లు వేలాడదీశారు. ఫోన్లో మాట్లాడిన మనిషి బయటికి వచ్చి బావ చేతులు పట్టుకున్నాడు. వయసు నలభై దాకా ఉంటుంది. ఉతికిన చొక్కా, నడుముకి టేపు, మాట మెత్తన. మాకు కుర్చీలు వేసి, టీ తెప్పించి, ఆ తర్వాతే బంపర్ల సంగతి ఎత్తాడు.

నేను టీ తాగలేదు. గోడ దగ్గరికి పోయి ఒక్కొక్క దాని అతుకుల మీద బొటనవేలు పెట్టి చూశాను. ఎక్కడో ఒకచోట చిన్న గుంటో, బొబ్బో దొరకాలని వెతికాను. దొరకలేదు. వెల్డింగ్ గీత ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే తీరుగా, చేప పొలుసుల్లా సాగింది. నా చేతి అతుకు గట్టిది, ఊడదు. కానీ అందంగా ఉండదు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ నాతో అనలేదు, నేనూ అనుకోలేదు.

"నువ్వే చేస్తవా?" అని అడిగాను.

"ప్లేటు మిషన్ల కట్ చేయిస్తం అన్నా. అతుకు మాత్రం నేనే పెడ్త."

చివరికి రెండింటి దగ్గర ఆగాం. ఒకటి చూడటానికి సాదాగా ఉంది. మందపాటి ప్లేటు, మధ్యలో ఒక్కటే పైపు. దాని వెనకున్న నాలుగు రంధ్రాలు బావ బండి ఛాసీకి సరిగ్గా అతుకుతాయి, ఎక్కడా కొత్తగా కోయనక్కర లేదు. రెండోది బ్రహ్మాండంగా ఉంది. మూడు వరసల పైపులు, పక్కన రెక్కలు, లైట్లకి చోటు. ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అది వేరే పెద్ద బండి కోసం చేసింది. దీనికి పెట్టాలంటే బండికీ దానికీ మధ్య అదనంగా రెండు ఇనుప పట్టీలు పెట్టి బిగించాలి. బరువంతా ఆ పట్టీల మీదే పడుతుంది. ముందు చక్రాల మీద బరువు మోసే కమాన్లు కుంగుతాయి. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ పట్టీలు వంగి వంగి ఒకరోజు విరుగుతాయి. చూడగానే నాకు అర్థమైంది. ఇరవై ఏళ్లు ఆ పనే చేశాను కదా.

"బావా, చెప్పు మరి. నువ్వు ఏది అంటే అది," అన్నాడు బావ.

మొదటిది పెట్టుకుంటే పదేళ్లు ఉంటుంది. ఆ పదేళ్లూ సంతల్లో, చర్చిలో, టీ కొట్టు దగ్గర ఈయన ఖమ్మం షాపు గురించే చెబుతాడు. నాకు ఆ ఒక్క ఆలోచనే వచ్చింది.

"పెద్దదే తీస్కో," అన్నాను.

షాపు మనిషి నా వైపు చూశాడు. "అన్నా, అది ఈ బండికి బరువైతది. పెట్టమంటే పెడ్తం గని, ముందుకు వంగుతది. రోడ్డు మీద పోలీసోళ్లు ఆపి ఇది తియ్యమని గూడ అంటరు."

"అడవి రోడ్డు నీకు తెల్వదు తమ్మీ. ఇయ్యాల పంది వచ్చింది, రేపు అడవి దున్న అడ్డమొస్తది. ఈ చిన్నది ఏం ఆగుతది?"

ఆయన నా చేతుల వైపు చూశాడు. నిప్పురవ్వలు పడి మచ్చలైన చేతులు. "మీరు వెల్డింగ్ పనేనా అన్నా?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపు బావే అందుకున్నాడు. "మా సారపాకల ఈయనను మించిన పనోడు లేడు. ఈయన చూసిండంటే ఇగ ఆలోచించే పనే లేదు."

షాపు మనిషి పానాలు అందుకున్నాడు. బోల్టులు బిగించేముందు మాత్రం ఒకసారి లేచి నిలబడి, బావని కాదు, నన్ను అడిగాడు. "ఇదే పెట్టాల్నా అన్నా?"

"పెట్టు," అన్నాను.

తిరుగు ప్రయాణంలో బావ పాటలు పాడుతూనే ఉన్నాడు. నాకు కూడా కొంతదూరం సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు. జూలూరుపాడు దాటాక ఒక గుంతలో బండి దిగి లేచింది. ముందు నుంచి సన్నగా కిర్రుమని చప్పుడు వచ్చింది. బావకి వినపడలేదు. నాకు వినపడింది.

ఆ ఆదివారం చర్చి ఆవరణలో మగవాళ్లంతా ఆ బంపర్ చుట్టూ చేరారు. "మా బావ ఎంచిండు," అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు ఆయన. మిల్లుకి కర్ర తోలే ఒకాయన తన బండికి కూడా నేనే వచ్చి ఎంచాలన్నాడు. పని ఉందని తప్పించుకున్నాను. షెడ్డులో వంచి పెట్టిన పైపుని కోసి ఎవరికో నీళ్ల ట్యాంకు స్టాండుకి వాడేశాను.

వర్షాలు మొదలయ్యే ముందు ఒకరోజు మా ఆవిడ వాకిట్లో నిలబడి, ఎదురుగా ఆగిన బావ బండిని చూసింది. "ముందుకు వంగినట్టు లేదా?" అంది.

"నీకేం తెల్సు బండ్ల గురించి?" అన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

శ్రావణంలో జరిగింది అది. చర్ల అవతల ఒక వాగు దాటి ఒడ్డు ఎక్కుతుంటే బండి ముందు చక్రం గుంతలో పడిందట. ఎడమ పట్టీ విరిగి, బంపర్ ఆ పక్కంతా టైరు మీద కూలింది. స్టీరింగ్ తిరగలేదు. బండి జారి పక్కనున్న పోడు చేనులోకి దిగిపోయింది. మిర్చి బస్తాలు కొన్ని వాగు నీళ్లలో పడ్డాయి. బావ ఎడమ మణికట్టు ఎముక చిట్లింది. ఆ చేను వాళ్లు, ఒక ముసలాయన, ఆయన కోడలు, వానలోనే పరిగెత్తుకొచ్చి బంపర్‌ని తాడుతో పైకి లాగి కట్టారు. బస్తాలు తమ గుడిసెలోకి చేర్చి, ఊళ్లో ఇంకో నలుగురిని పిలిచి బండిని రోడ్డు మీదికి నెట్టారు. బావతో వాళ్ల గూడెం భాషలోనే ఏదో అని, ఆయన చేతికి గుడ్డ చుట్టి పంపారట.

భద్రాచలం దవాఖానాలో కట్టు కట్టించుకుని, మూడో రోజు నా షెడ్డుకి వచ్చాడు. ఆయన తమ్ముడు బండి నడుపుతున్నాడు. ఊడిన బంపర్ వెనక డబ్బాలో వేసుకొచ్చారు.

"రోడ్డు గట్లున్నది బావా, ఏం చేస్తం," అన్నాడు. "నువ్వు ఎంచిన బంపర్‌కు ఏం కాలే. చూడు, గీత గూడ పడలే. పట్టీ ఒక్కటే ఇరిగింది. లావు ప్లేటేసి మంచిగ అతుకు."

వైర్లు తగిలించాను. మొహానికి అద్దం పెట్టుకున్నాను. ఒక్కసారి రాడ్ తాకించి నిప్పు లేపాను. ఆ వెలుగులో విరిగిన చోటు స్పష్టంగా కనిపించింది. షాపులో నిలబడి ఎక్కడ విరుగుతుందని నేను అనుకున్నానో సరిగ్గా అక్కడే. అద్దం తీసేశాను.

"బావా, ఇది అతకొద్దు."

"ఏంది?"

"ఎంత లావు ప్లేటేసినా మళ్ల ఇరుగుతది. ఈ బండికి ఇది సరిపోదు. నాకు ఆనాడే తెల్సు."

ఆయన ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "తెల్సి చెప్పినవా?"

"అవ్."

"ఎందుకు?"

"నన్ను చెయ్యమనలే గదా నువ్వు."

తమ్ముడు బండి దిగి దూరంగా వెళ్లాడు. బావ కట్టు ఉన్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నేను రాడ్ పక్కన పెట్టాను.

"నీ పని బాగలేదని గాదు," అన్నాడు చివరికి. "కొత్త బండి. షాపుల దొరికేది, కొత్త వస్తువు పెట్టుకోవాలనిపించింది. గంతే. ఇంకేం లేదు."

ఇంకేదైనా కారణం ఉండి ఉంటే బాగుండేది. నా వయసు గురించో, నా చూపు గురించో అని ఉంటే కోపమైనా తెచ్చుకునేవాణ్ని. ఆయన నిజమే చెప్పాడు. ఆ నిజంలో నేను ఎక్కడా లేను.

"ఆ వాగు కాడ ఇంకింత పక్కకు పోతే లోయల పడేటోణ్ని," అన్నాడు లేస్తూ. తిట్టలేదు. బంపర్‌ని బండిలోనే ఉంచి, తమ్ముణ్ని పిలిచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మా ఆవిడకి జరిగినదంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. "వంగింది అన్న గదా నేను," అంది. మర్నాడు తనే వాళ్లింటికి వెళ్లి, బావ భార్యతో కూర్చుని వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

రెండు ఆదివారాలు బావ వేరే బెంచీ మీద కూర్చున్నాడు. మూడో ఆదివారం మా బెంచీకి వచ్చాడు, కానీ మధ్యలో ఇంకొకరికి చోటు వదిలాడు. కట్టు విప్పాక ఒక్కడే ఖమ్మం పోయి, పెద్దది తిరిగి ఇచ్చేసి, ఆ సాదా బంపర్ పెట్టించుకున్నాడు. కొన్నాళ్లకి వెనక తలుపు మడత బందు వదులైందని నా దగ్గరికి తెచ్చాడు. నేను ముందు వైపు పోయి చూశాను. బండి నేల మీద సమంగా నిలబడి ఉంది. నాలుగు బోల్టులు నాలుగు రంధ్రాల్లో కుదురుగా ఉన్నాయి. వేలితో అతుకు తడిమాను. తప్పు వెతకడానికి కాదు అనుకున్నాను గానీ, వెతికాను.

"ఎట్లున్నది?" అన్నాడు వెనక నుంచి.

"మంచిగున్నది. ఇదే మంచిది."

"తెల్సు," అన్నాడు.

బందు అతికించి ఇచ్చాను. ఇప్పుడు మళ్లీ బావా అనే పిలుచుకుంటున్నాం. వాళ్ల ఇంటి గేటు, మెట్ల పక్క కడ్డీలు నేనే చేశాను. ఏదైనా ఎంచడానికి మాత్రం నన్ను పిలవడు. పోయిన వారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆ షాపు మనిషే. మంచులో వెలిగే పసుపు లైట్లు ఏవి పెట్టాలో అడుగుతున్నాడు, "నువ్వు ఏది అంటే అది తమ్మీ," అంటున్నాడు. నేను కింద చెప్పులు వేసుకుంటున్నాను. రెండు నిమిషాల్లో అయ్యే పనికి చాలాసేపు పట్టింది. ఆయన ఫోను పెట్టేసేదాకా అక్కడే వంగి నిలబడ్డాను.