మ్యూజియంలో షావుకారు ఫ్యాను

మా చిన్న మ్యూజియం వన్ టౌన్‌లో ఒక పాత బంగళాలో ఉండేది. పాత నాణేలు, తుప్పు పట్టిన కత్తులు, చెయ్యి విరిగిన విగ్రహాలు తప్ప బతికున్నవాళ్ళు చేసిన వస్తువు అందులో ఒక్కటీ లేదు. ఎనభైల మొదట్లో నేను ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెబుతూ ఆ మ్యూజియం కమిటీకి కార్యదర్శిగా ఉండేదాన్ని. జీతం లేదు గానీ తిట్లకు మాత్రం లోటుండేది కాదు.

మిషన్ స్కూలు డ్రాయింగ్ మాష్టారు ఆ రోజుల్లో ఒక పెద్ద బొమ్మ వేశాడు. పోర్టులో ఓడ మీదికి బస్తాలు మోసుకెళ్తున్న కళాసీలు. అందరివీ వీపులే, ఒక్కరి ముఖమూ కనిపించదు. మద్రాసు నుంచి ఒకాయన వచ్చి చూసి, నెలాఖరుకి డబ్బుతో వచ్చి పట్టుకుపోతానన్నాడు. మాష్టారికి ఇంటి అవసరాలున్నాయి, ఊరికే ఇవ్వలేడు. అయినా నా దగ్గరికొచ్చాడు.

"మేడం గారూ, ఈల్లు ఈ ఊరోల్లండి. బొమ్మ ఇక్కడే ఉండాల. ఆయనిచ్చేదాంట్లో సగం ఇచ్చినా సాలు."

నాకు కళ్ళు చెమర్చాయి. బొమ్మను ఊరు దాటనివ్వనని మాటిచ్చేశాను.

మాటివ్వడమంత తేలికా చందాలు వసూలు చెయ్యడం! వినాయక చవితి పందిరికి నవ్వుతూ ఇచ్చే వ్యాపారులు, బొమ్మ కొనాలనేసరికి "ఏ దేవుడిదమ్మా?" అనేవారు. కళాసీలదంటే గల్లాపెట్టె మూసేవారు. ఎండలో తిరిగి తిరిగి సగం పోగేశాం. ఇక మిగిలింది తాళ్ళూ గోనెసంచులూ అమ్మే ఒక పెద్ద షావుకారు.

ఆయన స్వయంగా మ్యూజియంకి వచ్చి బొమ్మ చూశాడు. "మొకాలేవమ్మా? మొకాల్లేని బొమ్మకి ఇన్ని డబ్బులేటి?" అన్నాడు. మళ్ళీ తనే, "సరే, మిగిల్నదంతా నానిత్తాను. గానీ బొమ్మ మీద మా అయ్య పేరు రాయించాల" అన్నాడు.

గుడికి ట్యూబులైటు ఇచ్చినా దాని మీద పేరు రాయించుకునే జనం మనం. ఆయన కోరిక నాకేమీ వింతగా తోచలేదు. పక్కనే ఉన్న మాష్టారు మాత్రం మొహం ఎర్రగా చేసుకుని, "అలాగైతే మద్రాసుకే పోనీండి" అన్నాడు. ఇద్దరూ బిగుసుకు కూర్చున్నారు. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

గదిలో ఒకటే ఉక్క. పైటకొంగుతో విసురుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముందు ఈ గదికో ఫ్యాను కొనండి షావుకారు గారూ! మూడు రెక్కల మీదా మీ నాన్నగారి పేరే రాయిస్తాను!" అని అరిచాను.

నేనన్నది కోపంతో. ఆయన మాత్రం బేరంగానే తీసుకున్నాడు.

"మూడిటి మీదానా?"

"మూడిటి మీదా."

"పెద్ద అచ్చరాలతో రాయించాల మరి."

ఫ్యానుతో పాటు బొమ్మకి మిగిలిన డబ్బూ ఆయనే ఇచ్చాడు. అలా బొమ్మ ఊళ్ళో నిలిచింది, దానికెదురుగా ఫ్యాను వేలాడింది. తిరుగుతున్నంతసేపూ పేరు కనబడేది కాదు. కరెంటు పోతే మాత్రం షావుకారు తండ్రి రెక్కల మీద దర్శనమిచ్చేవాడు. మా కమిటీలో దానికి నవ్వని వాళ్ళు లేరు, నాతో సహా.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం షావుకారు ఒక్కడే వచ్చాడు. "ఒక్కపాలి ఫ్యాను కట్టెయ్యమ్మా, సూసుకుంటాను" అన్నాడు. కట్టేశాను. రెక్కలు ఆగాక పేరు తృప్తిగా చదువుకుని, చెమట తుడుచుకుంటూ బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా బొమ్మ ఉంది, చూడక తప్పదు. చూస్తూ చూస్తూ లేచి దగ్గరికెళ్ళాడు. వరసలో చివరి కళాసీ ముందు ఆగిపోయాడు. బస్తాల ఒరిపిడికి కాయలు కట్టిన వీపు అది.

"మా అయ్యా కళాసీయేనమ్మా" అన్నాడు, నా వైపు తిరక్కుండానే. "ఈపు మీద ఇలాగే కాయలుండీవి. రేత్తిరి నాను నూనె రాసీవోణ్ణి. ఒక్క పొటో కూడా లేదు. మొకం మర్సిపోనాను. ఈపు మర్సిపోలేదు."

నేనూ వెళ్ళి ఆయన పక్కనే నిలబడ్డాను.

ఆఖరికి ఆయన, "ఫ్యానెయ్యమ్మా, ఉక్కగుంది" అన్నాడు.

వేశాను. పేరు గిర్రున తిరిగి మాయమైంది. ఆయన పైకి చూడనే లేదు.