గవ్వ నోట్లో ఖాళీ

పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్క సందులో, రెండో అంతస్తులో కమాల్ పళ్ళ సెట్లు చేస్తాడు. చుట్టుపక్కల డెంటిస్టులు నోటి అచ్చులు పంపిస్తే వాటికి పళ్ళు కట్టి పంపుతాడు. చదివి నేర్చింది కాదు, ఒక ముసలి ఉస్తాద్ పక్కన కూర్చుని చూసి పట్టుకున్న పని. మెట్రోలో ఎవరైనా నవ్వితే ఇతనికి మొహం గుర్తుండదు, పళ్ళ మధ్య సందు గుర్తుంటుంది. సందు కనిపిస్తే చేతులు ఊరుకోవు. భార్య చాంద్ బీకి ముందు పళ్ళ మధ్య అలాంటి సందే ఉంది. పెళ్ళయిన నాటి నుంచి దాన్ని పూడుస్తానని ఇతను, ముట్టుకుంటే వేలు కొరుకుతానని ఆమె.

మంజూష వాళ్ళమ్మ పళ్ళ సెట్టు ఇక్కడే తయారైంది. యూసుఫ్‌గూడలో ఉంటూ శిలాజాల మీద పరిశోధన చేసే ఆ అమ్మాయి ఒకరోజు దూదిలో చుట్టిన రాతి గవ్వను తెచ్చింది. కోట్ల ఏళ్ళ కింద సముద్రం ఉన్నచోట, కచ్ఛ్ రాళ్ళలో దొరికిందట. నోటి నిండా రాయి బిగుసుకుపోయి ఉంది.

"వీపు ఎత్తు చూస్తే కొత్త జాతని నా అనుమానం కమాల్ భాయ్. కానీ నోటి అంచున పళ్ళు చూడనిదే తేలదు. ఉన్నది ఇదొక్కటే. నేను గీకితే విరుగుతుందేమోనని భయం."

"నోట్లో పనే కదా, నాకిడువు. జర సుత కదలని పేషెంటు, ఏం ఫికర్ బిడ్డా!"

సాయంత్రాలు సెట్ల పని అయ్యాక కమాల్ సన్నని మొన ఉన్న మోటారుతో రాయిని పొడి పొడిగా రాల్చాడు. గవ్వ పెదవులు రెండూ బయటపడ్డాయి, వాటి అంచున వరసగా పళ్ళు.

మంజూష వచ్చి భూతద్దంలో చూసింది. చూస్తూ చూస్తూ నీరసపడింది.

"వరస నిండుగా ఉంది. తెలిసిన జాతే. నేనే తొందరపడ్డాను."

కమాల్ మీసంలో నవ్వుకున్నాడు. "నిండుగనే ఉంటది. లోపలి పెదవి నడిమిట్ల ఒకటి లేకుండె, నేనే పెట్టిన. అండ్ల నేను పెట్టింది ఏదో చెప్పు చూద్దాం! జర్దా నమిలేటోళ్ల పళ్ల షేడ్ తీసిన, రంగు మస్తు కలిసింది!"

"పెట్టారా? అయ్యో భాయ్, ఆ ఖాళీ ఉంటేనే ఇది కొత్త జాతి! ఇప్పుడు గమ్ము గీకితే, అక్కడ పుట్టుకతోనే లేదో, విరిగిపోయిందో ఎట్లా తెలుస్తుంది?"

గది వెనక భాగంలో టీ కలుపుతున్న చాంద్ బీ అడ్డు తెర పక్కకు లాగింది. "చేసిన్రా మళ్ల! బతికున్నోళ్ల నోళ్లు చాలలేదు, రాయికి సుత కట్టిన్రు!"

కమాల్ మొహం కందిపోయింది. కానీ చేతులు అప్పటికే స్పిరిట్ దీపం వెలిగిస్తున్నాయి.

"గమ్ము ఎవరు పెట్టిన్రు? పేషెంటు అద్దంల చూసుకొని సరే అనేదాక మైనంతోనే నిలబెడతం. గది మా పద్ధతి."

చిన్న కత్తి మొన వేడిచేసి మైనానికి తాకించాడు. పన్ను ఊడి అరచేతిలో పడింది. అంటుకున్న మైనం తుడిచి గవ్వను ఆమె ముందు పెట్టాడు. మంజూష మళ్ళీ భూతద్దం పెట్టి చూసింది. విరిగిన మొదలు లేదు, గరుకు లేదు. రెండు పళ్ళ నడుమ పెదవి నున్నగా, మిగతా గవ్వలాగే మెరుస్తోంది.

"పుట్టుకతోనే లేదు!" అని అరిచి, అక్కడి స్టూలు మీదే కూర్చుని కొత్త జాతి వర్ణన రాయడం మొదలుపెట్టింది. 'లోపలి పెదవి నడుమ నున్నని ఖాళీ' అన్నచోట ఆగి, పైకి చదివి వినిపించింది.

చాంద్ బీ టీ గ్లాసులు తెచ్చి, భర్త ముందు నిలబడి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. "విన్నరా జీ? సందుంటేనే కొత్త జాతంట. ఇగ నా జోలికి రాకున్రి."

కమాల్ అరచేతిలోని గవ్వ పన్నును ఆ నవ్వు దగ్గరగా పట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"షేడ్ కలవదులే," అన్నాడు.