పనిబల్ల మీద చెవి పరీక్ష

తాళాలు బాగుచేసే తాత తన నీడను కూడా నమ్మే రకం కాదు. ఎవరెవరి ఇళ్లలో దొంగలు ఎలా దూరారో విని విని, లోకమంతా జేబులో మారుతాళాలు వేసుకుని తిరుగుతోందని ఆయన నమ్మకం. అలాంటి మనిషికి డౌన్ సిండ్రోమ్ ఉన్న మనవరాలు పుట్టింది. ఇక ఆస్పత్రివాళ్లకు మూడింది.

పుట్టగానే గుండెకు స్కానింగ్ అన్నారు. "ఇంత చక్కగా నిద్రపోయే పిల్లకి గుండెజబ్బేంటి?" అని ఎగిరాడు. చిన్న రంధ్రం ఉంది, దానంతటదే పూడుతుందేమో చూద్దామన్నారు. కొన్నాళ్లకు పూడిపోయింది. "లేని రోగం అంటగట్టి, తగ్గిపోయిందంటున్నారు, చూశావా!" అన్నాడు కొడుకుతో. థైరాయిడ్ పరీక్షకు రక్తం తీసినప్పుడూ ఇదే రభస. ఇలాంటి పిల్లల్లో ఈ చిక్కులు ఎక్కువ, ముందే కనిపెడితే మంచిదని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. అంత ఓపిగ్గా చెప్పిందంటే ఏదో ఉందనుకున్నాడు తాత.

ఇప్పుడు చిట్టికి మూడేళ్లు నిండాయి. నడుస్తోంది, గెంతుతోంది, తాత జేబులో చెయ్యి పెట్టి దొరికిందల్లా లాగేస్తోంది. మాటలే రాలేదు. చెవుల పరీక్ష చేయించమంది డాక్టరమ్మ. కర్ణభేరి వెనక నీరు చేరుతుందట. నొప్పి తెలియదట. ఈ పిల్లలింతేలే అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారట. నీరు తీసి సన్నని గొట్టం అమరిస్తే చాలామందికి వినపడుతుందట. ఆలస్యం చేస్తే మాటలు ఇంకా వెనకబడతాయట.

"దీనివి పాము చెవులు!" అన్నాడు తాత. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి. ఆయన దగ్గర రుజువు కూడా ఉంది. చిట్టిని పనిబల్ల మీద అటు తిప్పి కూర్చోబెట్టి, వెనకనుంచి బల్లకు బిగించిన ఇనుప దిమ్మ మీద సుత్తితో టంగుమనిపిస్తే గిరుక్కున తిరిగేది. తాళం పట్టుకొచ్చిన ప్రతివాళ్లకూ ఈ వేడుక చూపించాడు.

ఒకరోజు పొద్దున కోడలు పిల్లను తీసుకెళ్లడానికి కొట్టు దగ్గరికి వచ్చింది. మొగుడికి చెప్పింది గానీ మామగారికి చెప్పలేదు. అయినా ఆవిడ చేతిసంచీ చూసి ఆయనే పట్టేశాడు.

"ఎక్కడికమ్మాయ్? సంచీలో చిట్టి బట్టలెందుకు?"

"చెవుల పరీక్షకి మామయ్యా. మీరు కోప్పడ్డా సరే, ఇవాళ వెళ్తాను."

"అయితే నువ్వూ నన్ను నమ్మవన్నమాట. ఇదిగో చూడు!"

చిట్టి అప్పటికే తల్లి చంకనెక్కి, ఆమె భుజం మీదుగా వీధిలోకి చూస్తోంది. తాత దిమ్మ మీద ఒక్కటేశాడు. కోడలు ఉలిక్కిపడింది. చిట్టి తల్లి జడ కొస ఊడదీస్తోంది. ఇంకోటి వేశాడు, చెవులు గింగురుమనేలా. చిట్టి జడ వదల్లేదు.

జీవితంలో మొదటిసారి తాతకు తన మీదే అనుమానం వచ్చింది. ఎడమ అరచెయ్యి బల్లకు ఆనించి, కుడిచేత్తో దిమ్మను కొట్టి చూశాడు. అదురు మోచేతిదాకా పాకింది. ఇన్నాళ్లూ పిల్లను కూర్చోబెట్టింది ఈ బల్ల మీదే. తన మొండితనంతో పిల్లకు ఎన్ని మాటలు దక్కకుండా చేశాడో తలచుకుంటే భయమేసింది.

కొట్టు మూసేసి వాళ్ల వెంట నడిచాడు. వీధి మలుపులో ఉండబట్టలేక అడిగాడు.

"మరి నేను పిలిచినప్పుడల్లా నవ్వేది కదమ్మా?"

"మీ మొహం చూసి నవ్వేది మామయ్యా."