మొదటి ప్రశ్న వాళ్లది

నా భార్య గత నెల చనిపోయింది. వికారాబాదులో మా ఇంట్లోనే, పొద్దున టీ పెడుతూ కూలిపోయింది. ఆమెను ఎరిగినవారు మీలో కొందరు ఉంటారని ఇది రాస్తున్నాను.

ఆమె కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేది. ముసలితనంలో జ్ఞాపకం ఎలా మారుతుందన్నది ఆమె పరిశోధన. వారానికోసారి రైలెక్కి తాండూరు పోయేది. బండల పాలిషింగు పని మానేసిన వృద్ధుల దగ్గర కూర్చునేది. బ్యాగులో పెన్సిలే ఉండేది. పెన్ను తీస్తే వేలిముద్ర అడుగుతారని వాళ్ల భయం. తారీఖు చెప్పలేకపోతే మతి పోయినట్టేనని పాత ప్రశ్నపత్రాలు తేల్చేవి. ఆమె తారీఖు వదిలేసి, వారపు అంగడి ఏ రోజు, కందులు ఎప్పుడు కోస్తారు అని అడిగింది. ఆ ప్రశ్నలు తర్వాత చాలా కాలేజీలు తీసుకున్నాయి.

ఆమె ప్రశ్నపత్రంలో మొదటి గడి మాత్రం ఖాళీ. పైన ఒక్క మాట: "ముందు వాళ్లను అడగనివ్వండి." వాళ్లేదైనా అడగాలి, మనం నిజం చెప్పాలి. ఆ తర్వాతే మన ప్రశ్నలు.

"ఇయ్యాల ఒక తాత, నీ మొగునికి వంటొస్తదా అని అడిగిండు," అని ఒకసారి ఇంటికొచ్చి నవ్వింది. "రాదని చెప్పిన."

ఆమె పత్రం తీసుకున్న కాలేజీలవాళ్లు ముందుగా కొట్టేసింది ఆ గడినే. టైం చాలదట. ఆమె ఉత్తరాలు రాసింది, సదస్సుల్లో పోట్లాడింది. ఎవరూ మార్చలేదు. నేనూ అన్నాను: "ఒక్క గడి పోతే ఏమైతది?"

"ఉత్తగ అడిగి, రాసుకొని లేస్తే మనకూ పోలీసోళ్లకూ ఏం ఫరకండీ?" అంది.

సంతాప సభలో ఒక ప్రొఫెసర్ ఆమె ప్రభావం గురించి అరగంట చెప్పాడు. ఆమె ప్రశ్నపత్రం పంచారు. గడి లేదు. లేచి అడిగాను.

"అది షార్ట్ ఫారం, సార్," అని నాకు శాలువా కప్పారు.

ఏటా అడిగినవాళ్లనే మళ్లీ అడగడం ఆమె పద్ధతి. ఈ ఏడాది అడగాల్సినవాళ్లలో ఇంకా ఒక ముసలమ్మ మిగిలిందని ఆమె నోటుబుక్కులో ఉంది. ఎవరినైనా పంపమని ఆమె కాలేజీని అడిగాను. ఆ పని ముగిసిందన్నారు. గడి ఉన్న ఆమె పత్రం, ఆమె పెన్సిలు తీసుకుని నేనే తాండూరు పోయాను.

ముసలమ్మకు నా భార్య పోయిన విషయం చెప్పాను. లేచి లోపలికి పోయి టీ పెట్టుకొచ్చింది. నేను అంగడి ఏ రోజు అని మొదలుపెట్టాను.

"ఆగు సారూ," అంది. "ముందుగాల నేనడగాలె గదా?"

తలూపాను.

"గిన్నేండ్లు గామె ఒక్కతే వచ్చె. నువ్వు ఒక్కపారన్న ఎంబడి రాకపోతివేంది?"

ఆ ప్రశ్నను గడిలో రాశాను. తలెత్తేసరికి ముసలమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ, జవాబు కోసం కూర్చుని ఉంది.