పదకొండో నంబరు పంకా

ఉప్పునీట మునిగి, పాత ఇనప సామాను కొట్టుకి తప్ప ఎందుకూ పనికిరాదని పదిమందీ తేల్చేసిన ఇంజనుని పద్దెనిమిదేళ్ల వయసులో బతికించడం తాతబాబు మొదటి గెలుపు. కిరసనాయిలు పోసి కడిగాడు. తల్లి పాత చీర చింపి తుడిచాడు. తాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కాయి. మా జాలరిపేట పేటంతా చూసి నవ్వింది. ఒక పొద్దున్న అది ఒకసారి దగ్గింది, ఒకసారి తుమ్మింది, ఆ తర్వాత అందుకున్న కూత లైటుహౌసు దాకా వినబడింది. నవ్విన వాళ్లే ఆ ఇంజను కట్టిన తెప్పని భుజం పట్టి నీళ్లలోకి తోశారు.

ఆ రోజు మొదలు అతని ఘనతలు ఒకటా రెండా? ఉగాది తెప్పల పందెం మూడుసార్లు కొట్టాడు. తుఫానులో డాల్ఫిన్ కొండ అవతల తిరగబడిన పడవ మనుషుల్ని, ఒక్కణ్ణి కూడా వదలకుండా, తన తెప్ప మీద ఒడ్డుకి చేర్చాడు. పేటలో మొట్టమొదటి ఫైబరు పడవ అతనిది. ఇంజను విప్పి బిగించడం ఇవాళ పేటలో ఎవరికి వచ్చినా, ఆ విద్య తాతబాబు ముంగిట్లో నేర్చిందే.

ఇంతటి మనిషికి ఒకే ఒక్క కంట్లో నలుసు. ఆ నలుసు పేరు అప్పలరాజు. అతను పరాయివాడు కాడు, స్వయానా చెల్లెలు ఈశ్వరి మొగుడు. తాతబాబు దగ్గరే ఇంజను నేర్చాడు. అలాంటివాడు పోయిన సీజను పొడుగునా తాతబాబు కంటే ముందే ఒడ్డు పట్టాడు.

ముందు రావడం అంటే వట్టి గొప్ప కాదు. మా ఇసకలో ముందు దిగిన చేపకి మొహం చూసి ధర కడతారు, వెనక దిగిన చేపకి వాసన చూసి కడతారు. అప్పలరాజు పడవ దిగేసరికి ఈశ్వరి తట్ట ఎత్తి ఆటో ఎక్కేసేది. తాతబాబు భార్య సూర్యకాంతమ్మ పూర్ణా మార్కెట్ చేరేటప్పటికి మంచి బేరాలన్నీ ఆడపడుచు బుట్టలోకి పోయేవి. సూర్యకాంతమ్మ ఇంటికొచ్చి అమ్ముడుపోని చేపల తట్ట అతని ముందు దించేది. ఆ తట్ట చప్పుడే తాతబాబుకి ముల్లులా గుచ్చుకునేది.

దాని మీద ఇంకో దెబ్బ పడింది. అతని పడవలో తవిటయ్యా, అతని ఇద్దరు తమ్ముళ్లూ కళాసీలు. పడిన చేపలో వాటా తీసుకుని పనిచేసేవాళ్లు. చేప ధర పడిపోతే వాళ్ల వాటా కూడా పడిపోతుంది. అప్పలరాజు రెండో పడవ కొంటున్నాడని పేటలో పొక్కింది. తవిటయ్య ఒకరోజు తల గోక్కుంటూ వచ్చి నిలబడ్డాడు.

"మావా, నీ మీద మాకు కోపం లేదు. సావన పున్నమి దాకా సూత్తాం. అప్పటికీ ఇలా ఆకర్నే ఒత్తంటే, మేం అప్పలరాజు కొత్త పడవెక్కేత్తాం."

కళాసీలు పోతే పడవ ఇసకలో పడుకోవలసిందే. ఈ వయసులో మళ్లీ కొత్తవాళ్లని వెతుక్కుని వాళ్లకి అలలు నేర్పే ఓపిక అతనికి లేదు.

వేసవిలో వేట ఆపేసిన నెలల్లో అందరి ఇంజన్లూ ఇళ్లకి చేరాయి. చెల్లెల్ని చూడాలనిపించిందని తాతబాబు ఈశ్వరి ఇంటికి వెళ్లాడు. టీ తాగుతున్నంతసేపూ అతని చూపు అరుగు మీదున్న ఇంజను మీదే, దాని అడుగున నీళ్లలో తిరిగే మూడు రెక్కల పంకా మీదే. అప్పలరాజు లోపలికి వెళ్లగానే వంగి చూశాడు. రెక్క మొదట్లో పదకొండు అని అచ్చు ఉంది. ఒక్క చుట్టు తిరిగితే పంకా నీళ్లని కోసుకుంటూ పదకొండు అంగుళాలు ముందుకి పోవాలని దానర్థం. తనది పది, అదీ రాయి తగిలి అంచులు విరిగినది. ఓహో, ఇదన్నమాట కిటుకు అనుకున్నాడు. టీ చల్లారిపోయింది. ఈశ్వరి అన్నగారి చూపు ఎక్కడుందో చూసి, నవ్వు కొంగుతో కప్పుకుని మళ్లీ కాచి తెచ్చింది.

మర్నాడే ఇంజను సామాన్ల షాపుకి వెళ్లి పదకొండు కొన్నాడు. షాపతను ఏ పడవ, ఎంత బరువు అని అడిగితే, ముప్పైయేళ్లుగా ఇంజను నడిపేవాణ్ణి నాకు చెబుతావా అని కసిరాడు. వేట మొదలయ్యే పొద్దున్న కళాసీలని ఎక్కించి, రెండు నెలలు ఎండలో పడున్న వలని పడవలో పేర్చి, హార్బరు సముద్రంలో కలిసే మొగ దాకా ఒక చుట్టు తిప్పాడు. పడవ ఎగిరింది. తవిటయ్య తమ్ముళ్లు ఈలలు వేశారు. ఒడ్డు మీద నిలబడ్డ అప్పలరాజు మొహం ఎలా ఉందో చూద్దామని తాతబాబు తల తిప్పాడు. అతను బీడీ ముట్టించుకుంటున్నాడు, ఇటు చూడనే లేదు. అది మరీ మండింది.

ఆ రోజు కానాగంత చేపలు బాగా పడ్డాయి. తిరిగొచ్చేటప్పుడు ఇంజను గొంతులో ముద్ద అడ్డుపడినట్టు మూలగడం మొదలెట్టింది. పిడి పూర్తిగా తిప్పినా పడవ కదలనంటోంది, నల్ల పొగ కక్కుతోంది. అప్పలరాజు తన పడవలో పక్కనుంచి దాటిపోతూ చెయ్యి ఎత్తాడు. ఏం బాగానే ఉన్నావా అని అడగడానికే ఎత్తాడు. తాతబాబుకి మాత్రం అది వెక్కిరింపుగానే తోచింది.

రెండో రోజూ అంతే, పదో రోజూ అంతే. సూర్యకాంతమ్మ దిష్టి తగిలిందని ఇంజనుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. తాతబాబు మాత్రం పంకా ఒకటే అయినప్పుడు తేడా మనిషిలోనే ఉండాలని మనసులో గింజుకున్నాడు. వాడి చెయ్యి మంచిదా? నా చెయ్యి ముసలిదైపోయిందా? ఆ అనుమానం అన్నం మెతుకు మింగనివ్వలేదు. ఆషాఢం సగానికి వచ్చేసరికి ఉండబట్టలేక చెల్లెలి ఇంటికి పోయి గుమ్మంలోనే అడిగేశాడు.

"బావా, రేపు నా పడవ నువ్వు తోలు. నీ పడవ నాను తోల్తాను."

"ఎందుకు బావా? నీ పడవకేటయింది?"

"ఏటీ అవలేదు. నీ సేతి మహత్తెంతో సూద్దారని."

ఈశ్వరి లోపల్నించే అంది: "మా అన్నియ్యకి ఇంట్లో కూకుని కుళ్లుకోడం సాల్లేదు, సముద్రంలోకి కూడా అట్టుకెల్తాడంట."

అప్పలరాజు నవ్వి సరే అన్నాడు.

మర్నాడు తవిటయ్యనీ, తమ్ముళ్లనీ, వలనీ వెంటబెట్టుకుని అప్పలరాజు తాతబాబు పడవలో వెళ్లాడు. తాతబాబు ఇద్దరు మనుషులతో అప్పలరాజు పడవ ఎక్కాడు. అందులో వల లేదు. గేలాల తాళ్లూ, ఐసు పెట్టే, అంతే. నాలుగు కోనెం చేపలు పడ్డాయి, మంచి బరువైనవి. తిరుగు దారిలో ఆ పడవ గాలిపటంలా వచ్చింది. అందరికంటే ముందు ఇసక తగిలింది తాతబాబుకే. చాన్నాళ్లకి దక్కిన ఆ ముందరితనాన్ని అతను ఒడ్డు మీద అటూ ఇటూ నడుస్తూ అనుభవించాడు. ఆ తర్వాత సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

పడవలన్నీ వచ్చేశాయి. అప్పలరాజు రాలేదు. ఎండ నడినెత్తికెక్కాక నల్ల పొగ చిమ్ముకుంటూ తాతబాబు పడవ కనిపించింది, అన్నిటికంటే ఆఖర్న. దాన్ని చూస్తూ తాతబాబు పెదాలు వాటంతట అవే విచ్చుకున్నాయి. సూర్యకాంతమ్మకి ఒళ్లు మండిపోయింది.

"మన సేపలు మెత్తబడిపోతంటే నవ్వుతావేటి? ఆ పడవ ఎవురిదనుకున్నావు, నీదే."

నవ్వు ఆగలేదు. తన చెయ్యి ముసలిది కాలేదు. అప్పలరాజైనా అంతే, ఆఖరువాడే. గుండె మీంచి రాయి దిగినట్టుంది.

అప్పలరాజు చెమట తుడుచుకుంటూ దిగి, ఇంజను అరిగిపోయింది బావా, అమ్మేసెయ్ అన్నాడు. తాతబాబు ఊఁ అన్నాడు. కళాసీలతో పాటు వల దింపడానికి ఒక కొస పట్టుకుని లాగాడు. లేవలేదు. వేట మొదలైన పొద్దున్న ఒంటి చేత్తో భుజాన వేసుకున్న కొస అది. అప్పుడు రెండు నెలల ఎండకి ఎండుగడ్డిలా తేలిక. ఇప్పుడు నీళ్లు తాగి, చేప మోసి, బండలా ఉంది. అక్కడే నిలబడిపోయాడు. ఎండు వలతో పంకా పరీక్షించి, తడి వలతో సముద్రం మీదికి పోయాడు. అప్పలరాజుది గేలాల పడవ, పోయేటప్పుడెంత బరువో వచ్చేటప్పుడూ అంతే. ఆ పడవకి పదకొండు అందం. తన పడవకి అది ఏనుగుని సైకిలు తొక్కమన్నట్టు. బరువు మోసే పడవకి చిన్న నంబరే కావాలి.

తెలిసినదాన్ని అప్పలరాజుకి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

షాపులో చిన్న నంబరు అడగడం ఒక పెద్ద పరీక్ష. పడవవాళ్లు ఇద్దరు అక్కడే ఉన్నారు. తొమ్మిదంటే ముసిలోళ్ల పంకా కదా తాతా అని ఒకడు అన్నాడు. తాతబాబు విననట్టు తొమ్మిదీ, ఎనిమిదీ రెండూ కావాలన్నాడు, నచ్చనిది తిరిగిస్తానన్నాడు. ఈసారి వలని సముద్రంలో బాగా నానబెట్టాడు. చేపకి బదులు ఇసక బస్తాలు వేశాడు. కళాసీలని ఎక్కించి పిడి పూర్తిగా తిప్పి చెవి పెట్టాడు. ఎనిమిది వేస్తే ఇంజను కీచుమని అరిచింది, పడవకి మాత్రం ఊపు రాలేదు. తొమ్మిది వేశాక మూలుగూ లేదు, అరుపూ లేదు. నిండు కడుపుతో పాట పాడినట్టు ఒకటే జోరు. తవిటయ్య చుక్కాని దగ్గరికి వచ్చి కూర్చుని విన్నాడు.

చేప తక్కువ పడిన రోజుల్లో ఇప్పటికీ అప్పలరాజే ముందు వస్తాడు. చేప నిండిన రోజుల్లో మాత్రం తాతబాబుకి ఎదురు లేదు, ఎందుకంటే మిగతా వల పడవలన్నిటికీ పెద్ద నంబర్లే ఉన్నాయి. శ్రావణ పున్నమి నాడు తవిటయ్య గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం తాతబాబు చేతిలో పెట్టాడు.

"మావా, మేమెక్కడికీ ఎల్లం. ఆ తొమ్మిదో నంబరు మాత్రం ఎవురికీ సూపించకు."

చూపిస్తాడా? పడవ ఇసకెక్కగానే పంకాకి గోనె సంచి చుట్టి తాడు బిగించేస్తాడు. అప్పలరాజు రెండు మూడుసార్లు అటుగా వచ్చి, ఏటి బావా, పంకాకి సలేస్తందా అని అడిగాడు. ఇసక దూరతంది బావా అని తాతబాబు జవాబు.

అయితే అసూయ అన్నది ఒక్క పంకాతో చల్లారేది కాదు. సెప్టెంబరులో అప్పలరాజు కొత్త పడవ దిగింది. నీలం రంగు, అద్దంలా మెరిసే కొత్త ఇంజను. పూజకి తాతబాబు వెళ్లాడు, బావగారి హోదాలో ముందు వరసలో నిలబడ్డాడు, శుభమని నోరారా అన్నాడు. ఇంటికొచ్చి ఆ నీలం రంగు కళ్ల ముందు నుంచి పోక, తవిటయ్యని పిలిపించి, ఉత్తరాన భావనపాడు తీరం వైపు కానాగంతలు గుంపులుగా తిరుగుతున్నాయట, కొన్నాళ్లు అక్కడే మకాం వేద్దామా అన్నాడు. కళాసీలకి అదే కావాలి. సూర్యకాంతమ్మకి అసలు కారణం తెలుసు. అయినా బియ్యం, చింతపండు, ఎండు మిరపకాయలు మూట కట్టి ఇచ్చింది. అక్కడ ఎవరిమీదా కుళ్లుకోకుండా వేట చేసుకు రమ్మంది.

పడవ వెళ్లి మూడు వారాలు దాటింది. చేప బాగానే పడుతోందని కబురు వస్తోంది. దసరా పండక్కి ముందే ఒడ్డు చేరతామని తవిటయ్య ఫోనులో చెప్పాడు. తాతబాబు రావలసిన రోజు అక్టోబరు పదిహేడు, శనివారం. ఆ నీలం పడవ ఒడ్డునే మెరుస్తూ అతని కోసం కాచుకుని ఉంది.