అమ్మ చీర ఏ పచ్చ?

2022. ధర్మవరంలో మగ్గాల వీధి చివర నా ఫొటో స్టూడియో. పాత నలుపు తెలుపు ఫొటోలకు కంప్యూటర్లో రంగులు వేయించుకునేవాళ్ళు బాగా వచ్చేవారు.

ఒకరోజు ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు. అక్క నాగమ్మ ముదిగుబ్బ కోడలు, గొర్రెల మంద ఉంది. చెల్లెలు సరస్వతమ్మది ఇదే ఊరు, ఇంట్లో మగ్గం. మర్నాడే చెల్లెలి ఇంట్లో వాళ్ళమ్మ సంవత్సరీకం. ఉన్నది ఒకే ఒక్క ఫొటో, వీళ్ళ చిన్నతనంలో తీయించుకున్నది. అందులో ఆమె కట్టుకున్నది తనకోసమని నేసుకున్న ఒకే పట్టుచీర. అది చిరిగిపోయి ఏళ్ళయింది.

"చీర ఏం రంగమ్మా?" అన్నాను.

"పచ్చ," అన్నారిద్దరూ ఒక్కసారే.

హమ్మయ్య, పని సులువైంది అనుకున్నాను. ముందు ఫొటోలో చీర మేర చుట్టూ గీత గీసి వేరుచేయాలి. దాన్ని సెలెక్షన్ అంటాం. తర్వాత పెయింట్ బకెట్‌తో ఒక్క క్లిక్ చేస్తే, బిందె గుమ్మరించినట్టు ఆ మేరకు రంగు నిండుతుంది. ఆకుపచ్చ నింపాను. నాగమ్మ కళ్ళు చెమర్చాయి. సరస్వతమ్మ మాత్రం ఇంతెత్తున లేచింది.

"ఇదేం రంగప్పా! పచ్చ అంటే పసుపు గదా. పచ్చకామెర్లు వస్తే మనిషి ఆకు మాదిరి అయితాడా?"

"నీ మొగం! అమ్మ చీర ఆకుపచ్చనే. నా చేత్తో కండెలు చుట్టినా," అంది నాగమ్మ.

ఇన్నేళ్ళూ ఒకే మాట అనుకుంటూ ఇద్దరూ రెండు చీరలు తలుచుకుంటున్నారన్నమాట! నాకు నవ్వొచ్చింది, వాళ్ళకు రాలేదు. మాటా మాటా పెరిగింది. చెరో రంగులో చెరొకటి తీసిస్తానన్నాను.

"అమ్మ ఒకతే గదప్పా, రెండెట్లయితాది?" అంటూ నాగమ్మ సంచి తీసుకుంది. "రేపు నేను రానులే. ఆయమ్మే చేసుకోనీ."

నాకు ఆ కండెల మాట దగ్గరే మనసు ఆగింది. మా ఇంట్లోనూ ఒకప్పుడు మగ్గం ఉండేది. కండెకు చుట్టేది పేక, అంటే అడ్డపోగు. "మరి నువ్వేం చేసినావమ్మా?" అని సరస్వతమ్మను అడిగాను.

"నేనా? పడుగు అతికినా, ఒక్కో పోగూ పాత పోగుకు ముడేసి. అంతా పసుపే. వేళ్ళు నొప్పి పుట్టి ఏడ్చినా కూడా."

ఇంకేం కావాలి! పడుగంటే నిలువు పోగు, అది పసుపు; అడ్డపోగు ఆకుపచ్చ. ఇటునుంచి చూస్తే ఒక రంగు, అటునుంచి చూస్తే ఇంకొకటి మెరిసే చీర. ఎవరి చేతిలో నలిగిన పోగు వాళ్ళకు గుర్తుండిపోయింది. అలాంటి చీర తలపెట్టి, ఇద్దరు పిల్లల చేతులూ అందులో పడేలా నేసిన ఆ తల్లికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

"కూర్చోమ్మా, ఇద్దరిదీ నిజమే," అని నాగమ్మను ఆపాను. బకెట్‌తో రంగే కాదు, డిజైన్ కూడా నింపవచ్చు. దాన్ని పాటర్న్ ఫిల్ అంటాం. పసుపు చుక్క, పక్కనే ఆకుపచ్చ చుక్క పెట్టి చిన్న గడి చేసి, దాన్నే చీరంతా పరిచాను. వెలుగు పడినచోట పసుపు పెంచి, మడతల్లో ఆకుపచ్చ ఉంచాను.

నాగమ్మ చాలాసేపు చూసింది. తెర మీద కొంగును వేలితో తాకింది.

"ఎంత బాగా అతికినావే! ఒక్క పోగూ తెగలేదు," అంది చెల్లెలితో.

సరస్వతమ్మ అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

అప్పటినుంచి ఎవరైనా రంగు నింపమని వస్తే, ఏ రంగని అడిగి ఊరుకోను. ఆ ఫొటో నాటికి మీరేం పని చేసేవారని కూడా అడుగుతాను.